మణెమ్మ బదులిచ్చిన గోలీలు

1987 జూన్‌లో, దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీదున్న ఒక నర్సింగ్ హోమ్‌లో నేను సీనియర్ కంపౌండర్‌గా ఉండగా, నన్ను మందుల కౌంటర్ నుంచి లేపి 'ట్రయల్ అసిస్టెంట్' అనే కుర్చీలో కూర్చోబెట్టారు. నిజానికి కుర్చీ ఏమీ లేదు. ఒక స్టూలు, తాళం పడే ఒక అలమార, తిరగడానికి నా సొంత సైకిలు. హోదా ఇంగ్లీషులో ఉంది కాబట్టి ఇంట్లో రెండు రోజులు మర్యాద దక్కింది.

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి. లెక్కల సారుకూ నాకూ పడలేదు. ఇద్దరిలో ఎవరో ఒకరు వెళ్ళిపోవాల్సి వచ్చింది, ఆయనకు జీతం ఉంది గనక నేను వెళ్ళాను. మలక్‌పేటలో ఒక డాక్టరు దగ్గర సీసాలు కడగడంతో మొదలుపెట్టి, మిక్చర్లు కలపడం, సూది వేయడం, రక్తం తీయడం నేర్చుకుని అనుభవం మీద కంపౌండర్నయ్యాను. ముప్పై ఏళ్ళకు పైగా ఆ పని చేసి దిగిపోయాను. అందులో నవ్వుకునే సంగతులు చాలా ఉన్నాయి, వాటిని నా మనవళ్ళు వద్దన్నా చెబుతూనే ఉంటాను. ఇది మాత్రం ఆ జాతిది కాదు. దీన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు పళ్ళు పటపటమంటాయి.

ముందు ఆ ట్రయల్ అంటే ఏమిటో చెప్పాలి.

అప్పట్లో మా వైపు ఆ జబ్బుకు పేరు లేదు. ముసలితనం అనేవారు, మతి తప్పింది అనేవారు, కోస్తా నుంచి వచ్చినవాళ్ళు చాదస్తం అనేవారు. మా పెద్ద డాక్టరు దాన్ని 'అల్జీమర్స్' అని పలికితే, నేను అది జర్మనీ కుట్టు మిషన్ పేరనుకున్నాను. మెదడులో ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు మోసే రసాయనం ఒకటి ఉంటుందనీ, ఈ జబ్బులో అది తగ్గిపోతుందనీ ఆయన చెప్పారు. ఆ రసాయనాన్ని వాడుకున్న తరువాత విరిచి పారేసే పదార్థం ఇంకొకటి మెదడులోనే ఉంటుంది. పరీక్షకు వచ్చిన మందు ఆ విరిచేదాన్ని పట్టి ఆపుతుంది. అంటే ట్యాంకులో కొత్తగా నీళ్ళు పోయదు, కారే చోట గుడ్డ కుక్కుతుంది. ఉన్న నీళ్ళు కాస్త ఎక్కువ రోజులు వస్తాయి. జబ్బు తగ్గుతుందని ఎవరూ అనలేదు. తెలివి కొంత నిలబడుతుందేమో చూడాలన్నారు, అంతే.

చూసే పద్ధతి ఇది. బొంబాయిలోని కంపెనీ ఒకే రంగు, ఒకే సైజు క్యాప్సూళ్ళు రెండు రకాలు పంపుతుంది. ఒకదాంట్లో మందు, ఇంకోదాంట్లో ఉత్త పిండి. సీసా మీద రోగి నంబరు మాత్రమే ఉంటుంది. ఏది ఏదో రోగికి తెలియదు, డాక్టరుకు తెలియదు, నాకసలే తెలియదు. గుట్టంతా బొంబాయిలో ఉంటుంది. ఇలా చేయకపోతే మన ఆశే మందులాగా పనిచేస్తుందట. ఆ మాట నేను ఒప్పుకుంటాను. మా కౌంటర్లో సోడా ఉప్పు నీళ్ళకు ఎరుపు రంగు కలిపి ఇస్తే నడుం నొప్పి పోయిందని దండం పెట్టినవాళ్ళను నేను చూశాను.

నా పని, నెలకొక సీసా ఇంటికి తీసుకెళ్ళి ఇవ్వడం, పాతది తెచ్చి మిగిలినవి లెక్కపెట్టడం, వారం వారం రక్తం తీసి ల్యాబుకు పంపడం. మందు కాలేయాన్ని దెబ్బతీసే ప్రమాదం ఉంది, అందుకని రక్తం తప్పనిసరి. ఇది కాక జ్ఞాపకశక్తి పరీక్షలో డాక్టరు గారి పక్కన నిలబడి ఆయన పుస్తకాల తెలుగును మనుషుల తెలుగులోకి మార్చడం.

ఆ పరీక్షకు వచ్చినవాళ్ళలో నర్సిరెడ్డి ఒకడు. దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్బీనగర్ చౌరస్తాకు పోయే దారిలో, రోడ్డుకు కుడివైపు లోపలికి, ఆయనకు ద్రాక్షతోట ఉండేది. ఆ వైపంతా ఒకప్పుడు ద్రాక్షే. తరువాత తోటలు పీకి, తెల్ల సున్నం పూసిన రాళ్ళు పాతి, పేరు చివర 'పురి' అనో 'నగర్' అనో తగిలించి ప్లాట్లు అమ్మారు. నర్సిరెడ్డి తోటా అట్లాగే కాలనీ అయింది. సంతకాలు ఆయనే పెట్టాడు, వ్యాపారం కొడుకులు చేశారు. ఆ తరువాతే ఆయనకు మతి జారడం మొదలైంది. అమ్మిన సంగతి మరిచిపోయాడు, తోట సంగతి మరవలేదు. తెల్లారగానే కత్తెర పట్టుకుని బయలుదేరేవాడు. ఎవరింటి గేటు మీద మల్లెతీగ కనిపించినా, బోగన్‌విల్లా కనిపించినా, లోపలికి దూరి ద్రాక్షను కత్తిరించినట్టు కత్తిరించి పడేసేవాడు. పనితనంలో ఏ లోపమూ లేదు. కొత్త చిగురు వచ్చే కన్ను ఎక్కడ వదలాలో అక్కడ వదిలేవాడు. కానీ ఇల్లు ఇంకొకరిది.

ఒకరోజు పొద్దున ఒకావిడ స్నానాల గది తలుపు తీసేసరికి ఎదురుగా కత్తెరతో ఈయన. ఆమె అరుపుకు కాలనీ అంతా చేరింది. పెద్ద కొడుకు వచ్చి తండ్రిని రెక్క పట్టుకుని తీసుకుపోయి, ఇంటి వెనక పాత మోటరు గదిలో వేసి బయట గొళ్ళెం పెట్టాడు. కొత్తగా ప్లాట్లు కొనడానికి వచ్చేవాళ్ళు ఇదంతా చూస్తే బేరం పోతుందని ఆయన బాధ. నాతో కూడా అన్నాడు: "అన్నా, ఇజ్జత్ పోతుంది. పోలీసులు తీస్కపోతే ఇంకా పరేషాన్. లోపలుంటే మంచిది గద."

నర్సిరెడ్డి భార్య మణెమ్మ మాత్రం మా నర్సింగ్ హోమ్ మెట్ల మీద వచ్చి కూర్చుంది. బక్కపలచటి మనిషి, గొంతు మాత్రం సంతలో నిలబడితే అవతలి ఊరికి వినబడుతుంది. "దవాఖానల మతికి గోలీలిస్తున్నరంట గద బిడ్డా. మా పటేల్‌కు ఇప్పియ్యి. గొర్రెను కట్టేసినట్టు కట్టేసిండ్రు. గాయిన గోడ మీద గోరుతోని గీస్తున్నడు" అంది. ఆమెకు కావలసింది ఆ గొళ్ళెం తీయడం, అంతకన్నా ఏమీ కాదు. జబ్బు పోవాలని కూడా ఆమె అడగలేదు.

మొదటి పరీక్ష నాకు బాగా గుర్తు. డాక్టరు గారు "ఇది ఏ మాసం?" అన్నారు. నేను "పటేలా, ఏ నెల నడుస్తుంది?" అన్నాను. "కాలువల నీళ్ళు ఇడిసే నెల" అన్నాడు. సున్నా. "ప్రస్తుతం ప్రధానమంత్రి ఎవరు?" అంటే, "ఎవడైతేంది సారూ, కరెంటు మూడు గంటలే ఇస్తడు" అన్నాడు. దానికీ సున్నా పడింది. నేను నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళాను. మణెమ్మ నవ్వలేదు. తప్పు జవాబు చెబితే మందు ఇవ్వరేమోనని బెంగపడుతోంది. తప్పులు చెబితేనే ఇస్తారని నేను చెప్పాక కొంగుతో మొహం తుడుచుకుని, "అట్లయితే మస్తు చెప్తడు, నువ్వు ఫికర్ చెయ్యకు" అంది.

ట్రయల్లో చేరినట్టు కాగితం మీద మణెమ్మ వేలిముద్ర తీసుకున్నారు. కాగితం ఇంగ్లీషులో ఉంది. డాక్టరు గారు చదివి చెప్పినది మందు కొత్తదనీ, రక్తం తీస్తామనీ, ఏదైనా తేడా వస్తే చెప్పాలనీ. మందు ఎన్నాళ్ళిస్తారో, ఎప్పుడు ఆపుతారో, ఆపాక ఏమవుతుందో చెప్పలేదు. ఒక్కటి మాత్రం గట్టిగా, వేలు చూపించి మరీ చెప్పారు: "ఒక్క పూట కూడా తప్పకూడదు. తప్పితే అంతా వృథా." ఆ మాట మణెమ్మ గుండెలో దిగగొట్టినట్టు దిగింది.

వాళ్ళ ఎదురింట్లోనే, అంటే ఒకప్పటి తోట మధ్యలో, విశ్వనాథం మాస్టారు ఇల్లు కట్టుకున్నారు. తెనాలి వైపు నుంచి వచ్చిన రిటైర్డ్ హెడ్ మాస్టరు. ఆయన భార్య కామేశ్వరమ్మ గారికీ ఇదే జబ్బు. ఆవిడ ఎక్కడికీ పోయేది కాదు. కట్టుకున్న భర్తను ఎవరో పరాయి పెద్దమనిషి అనుకుని, "మాస్టారూ, మీ ఇంట్లోవాళ్ళు ఎదురు చూస్తూంటారేమో, చీకటి పడింది" అనేది. ఆయన "ఇదిగో, వెళ్తానమ్మా" అని వరండాలోకి వెళ్ళి కాసేపు నిలబడి మళ్ళీ లోపలికి వచ్చేవారు. ఆవిడ కూడా మా ట్రయల్లో చేరింది. నర్సిరెడ్డికన్నా రెండు వారాల ముందు.

రెండో నెల మధ్యకు వచ్చేసరికి నర్సిరెడ్డిలో తేడా కనిపించింది. అది పెద్ద అద్భుతమేమీ కాదు. మణెమ్మ కాసేపు గదిలోంచి బయటికి తెస్తే, కత్తెర పట్టుకుని గేటు దాకా వచ్చి, రోడ్డు చూసి ఆగేవాడు. "మనది కాదు గద?" అని భార్యను అడిగేవాడు. ఆమె కాదంటే వెనక్కి తిరిగేవాడు. అన్నం తన చేత్తో తిన్నాడు. నేను రక్తం తీస్తుంటే, "నీ సూది మొద్దువోయింది, సాన పట్టించు" అన్నాడు. నిజంగానే మొద్దుపోయింది. అప్పట్లో సూదులు ఉడికించి మళ్ళీ వాడేవాళ్ళం. మణెమ్మ కొడుకును కూర్చోబెట్టి గొళ్ళెం తీయించింది. గోలీలు నడిచినన్ని రోజులు గది తెరిచి ఉంటుందని కొడుకు ఒప్పుకున్నాడు. ఒప్పందం అంతవరకే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మా డాక్టరు గారికి నేను ఎన్నిసార్లు చెప్పినా ఆయన గుర్తుపెట్టుకోలేదు, ఆయనకేమో ఏ జబ్బూ లేదు.

కామేశ్వరమ్మ గారిలో మార్పు లేదు.

మూడో నెలలో బొంబాయి నుంచి సీసాలు రాలేదు. ట్రంక్ కాల్ చేస్తే పంపామన్నారు. మళ్ళీ చేస్తే రేపు పంపుతామన్నారు. అడిగినవాళ్ళకు ఏం చెప్పాలని నేనడిగితే, డాక్టరు గారు "వస్తాయి, ఉన్నవి జాగ్రత్తగా వాడమను, పూట తప్పవద్దను" అన్నారు. లేనివి పూట తప్పకుండా ఎలా వాడాలో ఆ మహానుభావుడే చెప్పాలి.

ముందు చేరింది గనక కామేశ్వరమ్మ గారి సీసా ముందు అయిపోయింది. మాస్టారు కంగారు పడ్డారు. ఆ సాయంత్రం వీధిలోకి వచ్చిన బండి దగ్గర ఉల్లిపాయలు కొంటూ మణెమ్మతో చెప్పుకున్నారట. ఇక్కడ ఆ కాలనీల పద్ధతి తెలియాలి. కొత్తగా వెలిసిన ఇళ్ళు, కొట్లు దూరం, నీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియదు, గ్యాస్ బండ బుక్ చేస్తే నెలలు. అందుకని ఒకరింట్లో గ్యాస్ అయిపోతే పక్కింటి బండ వచ్చేది, బియ్యం అయిపోతే గిద్దెడో శేరో వచ్చేవి, పెరుగు తోడుకు చెంచాడు పెరుగు వచ్చేది. మనకు వచ్చినప్పుడు అదే కొలతలో తిరిగి ఇవ్వాలి. ఊరివాళ్ళకూ సెటిలర్లకూ మధ్య ఎన్ని తగవులున్నా ఈ బదులు మాత్రం ఎక్కడా ఆగలేదు. మణెమ్మ ఆ పద్ధతి ప్రకారమే లోపలికి వెళ్ళి, తన భర్త సీసాలోంచి గుప్పెడు క్యాప్సూళ్ళు కాగితంలో పొట్లం కట్టి, "మీకొచ్చినంక ఇయ్యుండ్రి పంతులూ, అమ్మకు పూట తప్పొద్దు" అని చేతిలో పెట్టింది.

వారం తిరిగాక కొత్త సీసాలు రావడం మొదలైంది. మాస్టారికి ముందు ఇచ్చాను, నర్సిరెడ్డి సీసా ఇంకా దారిలో ఉంది. ఆ రాత్రే మాస్టారు తీసుకున్నన్ని క్యాప్సూళ్ళు లెక్కపెట్టి మణెమ్మకు తిరిగి ఇచ్చేశారు. నేను మిగిలినవి లెక్కపెడితే రెండిళ్ళలోనూ సరిగ్గా సరిపోయాయి. బాకీ లేని మనుషులు.

తరువాత వారం నర్సిరెడ్డి సీసా చేరింది, దాని వెనకే కంపెనీ మానిటరు బొంబాయి నుంచి వచ్చాడు. మానిటరు అంటే ట్రయల్ రూల్ ప్రకారం నడుస్తోందో లేదో చూసే ఆఫీసరు. తెల్ల చొక్కా, బ్రీఫ్‌కేస్, మంచినీళ్ళు కూడా తన ఫ్లాస్కులోవే. రోగుల ఇంటివాళ్ళను ఒక్కొక్కరినీ పిలిచి, "దవా కభీ ఛూటీ?" అని అడుగుతున్నాడు. నేను తెలుగు చేయబోయేలోపే మణెమ్మ తన హిందీ తీసింది. సరూర్‌నగర్ సంతలో బేరాలాడిన హిందీ, ఎవరినైనా ఒప్పించగలదు. ఒక్క పూట తప్పలేదనీ, పంతులమ్మకు కూడా తప్పనివ్వలేదనీ, తమ దాంట్లోంచి ఇచ్చి తిరిగి తీసుకున్నామనీ, గుండె మీద చెయ్యేసుకుని చెప్పింది. మెచ్చుకుంటాడని ఎదురు చూసింది.

మానిటరు పెన్ను మూత పెట్టేశాడు. ఆ గదిలో ఆయన చేసిన పెద్ద చప్పుడు అదొక్కటే.

రూల్ నాకు తెలుసు, ఆయన చెప్పనక్కర్లేదు. ఒక సీసాలో మందు, ఇంకోదాంట్లో పిండి అయి ఉండవచ్చు. కలిస్తే ఆ ఇద్దరి ఫలితమూ దేనికీ పనికిరాదు. వాళ్ళిద్దరినీ లెక్కలోంచి తీసేయాల్సిందే. అంతవరకు నాకు తగాదా లేదు. లెక్కలోంచి తీయడం ఒకటి, మనిషి నోటి దగ్గరి నుంచి మందు తీయడం ఒకటి. ఆయన రెండూ ఒకేసారి చేశాడు. సీసాలు వెనక్కి తెప్పించి బొంబాయికి పంపమన్నాడు. అక్కడ ఏం చేస్తారంటే, లెక్కపెట్టి కాల్చేస్తారట.

తరువాత రిపోర్టులో కారణం రాయించాడు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని డాక్టరు గారిని అడిగి తెలుసుకున్నాను: రోగి కుటుంబాల అశ్రద్ధ, సూచనలు పాటించకపోవడం. నేను అప్పటిదాకా నోరు మూసుకుని ఉన్నాను, అది నాకు అలవాటైన పని కాదు. సీసాలు ఆలస్యంగా వచ్చిన సంగతి కూడా రాయమన్నాను. మానిటరు ఫారం అటూ ఇటూ తిప్పి చూసి, చాలా మర్యాదగా, దానికి కాలమ్ లేదన్నాడు. "కాలమ్ లేకపోతే ఆలస్యం కాలేదా సార్? మా ఇంట్లో కూడా అప్పులకు కాలమ్ లేదు, షావుకారు వింటలేడు" అన్నాను. డాక్టరు గారు నన్ను బయటికి పొమ్మన్నారు.

బయట మణెమ్మ బెంచీ మీద కూర్చుని ఉంది. ఏం జరిగిందో చెప్పాను. ఆమె ఇక తిట్టడం మొదలుపెట్టింది. "మీరే గదరా ఒక్క పూట తప్పొద్దని ఏలు సూపెట్టి చెప్పింది. సీసా మీరు తేకపోతిరి. మేం మేం సర్దుకుంటే దొంగతనం చేసినట్టు సూస్తున్నరు. ఇయ్యకుండ ఉంటే పంతులమ్మకు తప్పు, ఇస్తే నీ ఆఫీసరుకు తప్పు. ఏంది మీ లెక్క?" ఆమె గొంతు లోపల ఉన్న ఇద్దరికీ వినబడింది. వాళ్ళకు తలుపు ఉంది, మూసుకున్నారు.

ఆ సాయంత్రం డాక్టరు గారితో గొడవ పెట్టుకున్నాను. ఆయన చెడ్డవాడు కాదు, రాత్రి పన్నెండింటికి పిలిచినా వచ్చే మనిషి. కానీ ఆ ట్రయల్ ఆయనకు పెద్ద ఊళ్ళ డాక్టర్ల సభలో మాట్లాడే అవకాశం, దాన్ని చెడగొట్టుకోదలచలేదు. లెక్కలో వద్దు, ఊరికే మందు కొనసాగించమని అడిగాను. ప్రోటోకాల్‌లో, అంటే ట్రయల్ నియమాల పుస్తకంలో, లేదన్నారు. కంపెనీని అడగమన్నాను. బజారులో అమ్మని మందు, ట్రయల్ బయట ఇవ్వడానికి కుదరదన్నారు. ఆపితే నర్సిరెడ్డిని మళ్ళీ గదిలో వేస్తారని చెప్పాను. "అది వాళ్ళ కుటుంబ విషయమోయ్" అన్నారు. వేలిముద్ర తీసుకున్న రోజున కుటుంబ విషయం కాలేదు. నేను ఆ మాట అన్నాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, రేపు వెళ్ళి సీసాలు తీసుకురా అన్నారు.

వెళ్ళాను. ముందు మాస్టారింటికి. ఆయన సీసా తెచ్చి బల్ల మీద పెట్టి, నా వైపు చూడకుండా అన్నారు: "ఒక్క మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. ఆ మణెమ్మగారిచ్చిన మాత్రలు వేసిన రోజుల్లో చివరి రెండు మూడు రోజులు ఆవిడ నన్ను 'ఏమండీ' అని పిలిచింది. మళ్ళీ మన సీసా మొదలెట్టాక మాస్టారూలోకి వచ్చేసింది. నా భ్రమంటారా?" అన్ని తక్కువ రోజుల్లో పనిచేయదని మా డాక్టరు గారు తరువాత కొట్టిపారేశారు. నిజమే అయి ఉండవచ్చు. మందు పనో, ఆయన ఆశ పనో నేను చెప్పలేను. కొన్ని నెలల తరువాత బొంబాయి నుంచి గుట్టు విప్పి పంపినప్పుడు ఒక ముక్క మాత్రం తేలింది. నర్సిరెడ్డిది మందు. కామేశ్వరమ్మగారిది పిండి.

ఎదురింట్లో మణెమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. పెద్ద కొడుకు స్కూటరు తుడుస్తున్నాడు. సీసా ఇస్తే మళ్ళీ ఇస్తారా అని అడిగింది. ఇవ్వరని చెప్పాను. "నిజం చెప్పినవ్ బిడ్డా, ఇగ నేనియ్య" అని లోపలికి వెళ్ళిపోయింది. కొడుకు లేచాడు, "అమ్మా, ఇచ్చెయ్. సర్కారీ కేసయితది" అన్నాడు. సర్కారు కాదు, ఏమీ కాదు అని నేనన్నాను. నర్సిరెడ్డి అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. నన్ను గుర్తుపట్టాడు. "గా గోలీలు బందు పెడితే నేను మళ్ళ ఎట్లుంటనో నీకెరుకేనా?" అన్నాడు. నాకెరుకే అన్నాను. "మరి గా సారుకు ఎరుక లేదా?" అన్నాడు. ఉంది అన్నాను. "అయితే ఇగ మాట్లాడేదేముంది" అని కాళ్ళు పైకి తీసుకుని గోడకు ఆనుకున్నాడు.

తిరిగి వచ్చి, వాళ్ళు ఇవ్వలేదు, కావాలంటే తమరే వెళ్ళి తెచ్చుకోండి అని డాక్టరు గారితో చెప్పాను. ఆయన వెళ్ళలేదు. రిపోర్టులో 'సీసా పోయినది' అని రాశారు. దానికి కాలమ్ ఉన్నట్టుంది.

అయితే ఒక చిక్కు. మణెమ్మ మిగిలిన గోలీలు వేస్తూనే ఉంటుంది. కాలేయానికి ప్రమాదం ఉన్న మందు, రక్తం చూడాలి. పేరు కొట్టేసిన రోగికి రక్తపరీక్ష లేదన్నారు డాక్టరు గారు. ఈ ఒక్క మాటకు నేను ఆయన్ని ఈనాటికీ క్షమించలేదు. సీసా వాళ్ళింట్లో ఉందని తెలిసి, అది ఏం చేయగలదో తెలిసి, చూడనవసరం లేదన్నారు. ల్యాబులో నా స్నేహితుడొకడు ఉండేవాడు. ప్రతి వారం డ్యూటీ దిగాక సైకిల్ మీద వెళ్ళి రక్తం తీసుకొచ్చి ఇస్తే అతను మిగతావాటితో కలిపి చూసేవాడు. కాలేయం బాగానే ఉంది. ఆ గోలీలు ఎక్కువ రోజులు రావాలని ఆమె పూటలు తగ్గించబోతే, అట్లా చేస్తే పిండికీ దానికీ తేడా ఉండదని చెప్పి ఆపాను.

దసరా దాటాక సీసా ఖాళీ అయింది. అది ద్రాక్ష కత్తిరింపుల కాలం. నెల తిరక్కుండానే ఆయన మళ్ళీ కత్తెర పట్టుకున్నాడు. గేటు దగ్గర ఆగడం పోయింది. కొడుకు మాట ప్రకారం గొళ్ళెం పెట్టాడు. ఆయన ఒప్పందం తప్పలేదని నేను ఒప్పుకుంటాను. మణెమ్మ ఆ రోజు ఏడవలేదు, అరవలేదు. తన మంచం ఎత్తుకుని మోటరు గదిలో వేసుకుని, "ఇప్పుడు పెట్టు గొళ్ళెం. ఇద్దరం లోపలనే ఉంటం. నీళ్ళకు పొద్దున తియ్యి" అంది. కొడుకు గొళ్ళెం చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడట. పెట్టాడు. పగలు తీసేవాళ్ళు, రాత్రి పెట్టేవాళ్ళు. రెండేళ్ళ తరువాత నర్సిరెడ్డి ఆ గదిలోనే పోయాడు. ఆ రెండేళ్ళలో నేను అక్కడికి వెళ్ళినప్పుడల్లా మణెమ్మ నాకు చాయ్ ఇచ్చింది. మా డాక్టరు గారి క్షేమం మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ మందు గురించి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. ఆ జాతి మందు మనుషులకు కొంత మేలు చేసింది, కాలేయానికి కీడు చేసింది, చివరికి వాడకంలోంచి పోయింది. అదే పని చేసే మెరుగైన మాత్రలు తరువాత వచ్చాయి, ఇప్పుడు ఏ మందుల షాపులోనైనా దొరుకుతాయి. అవి కూడా జబ్బును పోగొట్టవు. అవి రావడానికి ఇట్లాంటి ట్రయల్సే దారి. వాటిని చేయవద్దని నేననను. రూల్స్ వద్దని అసలే అనను. సీసా ఆలస్యమైతే రోగి ఏం చేయాలో రూల్ రాయకుండా, రోగి ఏం చేయకూడదో మాత్రం రాసేవాళ్ళ మీదే నా కోపం.

ఆ ఉద్యోగం తరువాత ఇంకా కొన్ని ట్రయల్స్‌లో పనిచేశాను. చేరేముందు ప్రతిచోటా రెండు ప్రశ్నలు అడిగేవాణ్ణి. సీసా రాని వారం ఈ మనిషికి ఏమిస్తారు? ట్రయల్ అయిపోయిన మరునాడు ఏమిస్తారు? ఏమీ ఇవ్వకపోయినా ఫరవాలేదు, ఆ మాట వేలిముద్రకు ముందే వాళ్ళ భాషలో చెప్పాలి అనేవాణ్ణి. ఎనిమిదో తరగతివాడికి ఇదంతా ఎందుకన్నవాళ్ళున్నారు. ఇద్దరు డాక్టర్లు జవాబు రాసిచ్చారు, వాళ్ళ దగ్గర పనిచేశాను. మిగతావాళ్ళ దగ్గర చేయలేదు.